చెప్పినవ్, ముట్టిందా?

ఆయన పోయిన కబురు మా కాలేజీ వాట్సాప్ గ్రూపులో పొద్దున ఏడింటికి వచ్చింది. ఒక ఫోటో, కింద రెండు లైన్లు. ఆ తర్వాత వరసగా జోడించిన చేతుల బొమ్మలు. ఒక్కరంటే ఒక్కరు ఒక మాట రాయలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. నాలుగు నెలల పాటు ప్రతి మంగళవారం మా క్లాసుల్లో వెనక బెంచీ మీద కూర్చుని మమ్మల్ని మూడు చెరువుల నీళ్ళు తాగించిన మనిషి గురించి చెప్పడానికి ఒక్క ముక్క లేదా అని తిట్టుకుంటూ పైకి జరిపి చూస్తే, ఆ చేతుల్లో నావి కూడా ఉన్నాయి. లేవగానే అలవాటుగా నొక్కినట్టున్నాను. సిగ్గేసింది. అందుకే ఇది రాస్తున్నాను.

మేమంతా ఆయన్ను పెద్ద సారు అనేవాళ్ళం. నేను హన్మకొండలో ఒక డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెప్తాను, ఇరవై అయిదేళ్ళుగా. మూడేళ్ళ కింద మా కాలేజీకి గ్రేడు ఇచ్చే కమిటీ ఒకటి వస్తోందన్నారు. ఇక చూడండి, గోడలకు సున్నాలు, ఫైళ్ళకు కొత్త అట్టలు, మొక్కలకు పేర్ల బోర్డులు. ఆ హడావుడిలోనే మా ప్రిన్సిపాల్ గారు ఈయన్ను తీసుకొచ్చి స్టాఫ్ మీటింగులో కూర్చోబెట్టారు. డోర్నకల్‌లో ఉండే రిటైర్డు లెక్చరర్. తండ్రి రైల్వేలో గ్యాంగ్‌మన్. రకరకాల పిల్లలున్న క్లాసులో అందరికీ అందేలా పాఠం ఎట్లా చెప్పాలో మాకు సాయం చేస్తారట. తెర మీద బొమ్మలు వేసి రెండు గంటలు ఊదరగొడతాడు, భోజనం పెడతారు, గ్రూపు ఫోటో దిగుతాం అనుకున్నాం. ఆయన లేచి నిలబడి, "నాకు మాట్లాడుడు రాదు నాయినా. మీ క్లాసులు చూపియ్యున్రి, సాలు," అని కూర్చున్నారు. మా వాళ్ళు కిసుక్కున నవ్వారు. అందరికంటే పెద్దగా నవ్వింది నేనే.

మంగళవారం పొద్దున రైలుకు వచ్చేవారు. క్లాసు దగ్గరకు పది నిమిషాల ముందే వచ్చినా బెల్లు కొట్టేదాకా లోపలికి అడుగు పెట్టేవారు కాదు, గుమ్మం పక్కన గోడకు ఆనుకుని నిలబడేవారు. చెప్పులు బయటే విడిచేవారు. మా స్టాఫు రూములో దాని మీద పెద్ద చర్చ. చదువంటే అంత భక్తి అని ఒకరు, చర్చికి పోయే మనిషి, అక్కడి అలవాటేమో అని ఒకరు. చివరికి నేనే అడిగేశాను.

"క్లాసు రూమంటే గుడి అనా సార్, చెప్పులు ఇడుస్తున్నరు?"

"ఏం గుడి బిడ్డా! ఈ చెప్పులు కిర్రుకిర్రుమంటయ్. పిల్లలు నిన్ను ఇడిసిపెట్టి నా దిక్కు చూస్తరు."

బిడ్డా అనడం నాకు అస్సలు నచ్చేది కాదు. నాకప్పుడు నలభై ఆరేళ్ళు. నన్ను చూస్తే వరండాలో పిల్లలు పక్కకు తప్పుకుంటారు. ఈయనకు నేను బిడ్డనా అని లోపల గింజుకునేదాన్ని. ఆయన మాత్రం ప్రిన్సిపాల్ని నాయినా అనేవారు, వాచ్‌మన్ని నాయినా అనేవారు, తేడా ఉండేది కాదు.

చొక్కా బొత్తానికి దారంతో కట్టిన పొట్టి పెన్సిలు. చేతిలో పాత క్యాలెండర్ కాగితాలు, సగానికి కోసి, తెల్ల వైపు పైకి పెట్టినవి. వెనక బెంచీలో పిల్లల మధ్య ఇరుక్కుని కూర్చుని గంటసేపూ ఏదో గీస్తూనే ఉండేవారు. మధ్యాహ్నం ఆ పిల్లలతోనే టిఫిన్ డబ్బా తెరిచేవారు. సర్వపిండి ముక్కలు, ఎప్పుడూ తన ఒక్కడికి సరిపోయే దానికంటే ఎక్కువే. మా స్టాఫు రూములో కుర్చీ వేసి పెట్టినా ఒక్కనాడూ వచ్చి తినలేదు.

మొదటి మంగళవారం నా క్లాసు అయ్యాక ఆ కాగితం నా చేతిలో పెట్టారు. యాభై ఎనిమిది చుక్కలు, మా పిల్లలు కూర్చున్న వరుసల ప్రకారం. నేను ప్రశ్న అడిగిన వాళ్ళకు, కళ్ళలోకి చూసి మాట్లాడిన వాళ్ళకు టిక్కు. తొమ్మిది టిక్కులు. తొమ్మిదీ మొదటి రెండు వరుసల్లోనే. గంటసేపు గొంతు చించుకున్నదాన్ని, క్లాసంతా చూస్తూ చెప్పానని నా నమ్మకం. ఆరో వరుసలో కిటికీ పక్క చుక్క నుంచి మాత్రం చుట్టూ ఉన్న చుక్కలకు సన్నటి బాణాలు గీసి ఉన్నాయి. పొద్దుపోక గీసుకున్నాడేమో అనుకున్నాను.

"ఇదేంది సార్?"

"నీ క్లాసు బిడ్డా."

"వెనక వాళ్ళు చదవరు సార్. ఎంత చెప్పినా గోడకు చెప్పినట్టే. నేనైతే సిలబస్ మొత్తం చెప్తాన."

"చెప్పినవ్. కాదంటలేను. ముట్టిందా?"

మా దిక్కు ఊరికి పంపిన సామాను గురించో, పెండ్లి పత్రిక గురించో అడిగే మాట అది. పంపడంతో పని అయిపోదు, అవతలి చేతికి చేరాలి. పాఠం గురించి ఆ మాట అడిగిన వాళ్ళను నేను అంతకుముందు చూడలేదు. అందరినీ అదే అడిగేవారు. మా లెక్కల సారు ఆ మాట వినబడగానే టీ గ్లాసు పట్టుకుని బయటికి పోయేవాడు. బాగుందని గానీ బాగాలేదని గానీ ఆయన నోటి నుంచి వచ్చేది కాదు. ఆ కాగితాలు ప్రిన్సిపాల్‌కు చూపించేవారు కూడా కాదు. రిపోర్టు ఏదని ప్రిన్సిపాల్ అడిగితే, "అది మేడంకు ఇచ్చిన నాయినా. మేడంది. నాది గాదు," అన్నారు నా ముందే. ఆ రోజు మాత్రం ఆయన మీద కోపం కొంచెం తగ్గింది.

ఒక అలవాటు నేర్పారు నాకు. నేను ప్రశ్న అడిగి, రెండు క్షణాలు చూసి, జవాబు నేనే చెప్పేసి ముందుకు పోయేదాన్ని. "అడిగినంక లోపల పది లెక్కపెట్టు బిడ్డా. ఇంగ్లిష్ల ఇన్నది తెలుగుల ఆలోచన చేసి, మళ్ళ ఇంగ్లిష్ల తెచ్చుకునే పిల్లకు జర టైం పడ్తది," అన్నారు. చేసి చూశాను. నాలుగు దాకా లెక్కపెట్టేసరికే నాలుక దురద పెట్టింది. ఏడు దగ్గర, ఆ సంవత్సరమంతా నోరు విప్పని పిల్లవాడు ఒకడు వెనక నుంచి జవాబు చెప్పాడు. సరైన జవాబే. ఆ సంగతి ఆయనకు చెప్పలేదు. ఒప్పుకోవడమా, నేనా?

ఇంకొక రోజు ల్యాబులో అడిగారు. "నువ్వు ఏ మీడియం బిడ్డా?"

"ఇంగ్లిష్ మీడియమే సార్."

"ఔనా? మరి చుక్కలు తెలుగుల లెక్కపెడ్తాన్నవ్?"

బ్యూరెట్ గాజు గొట్టం నుంచి పడే చుక్కల్ని పెదాల లోపల నేను పదకొండు, పన్నెండు అని లెక్కపెట్టుకుంటానని ఇరవై రెండేళ్ళలో నాకే తెలియదు. నేను రఘునాథపల్లి బడిలో పదో తరగతి దాకా తెలుగులోనే చదివాను. కాలేజీకి వచ్చిన మొదటి రోజు నా ఇంగ్లిష్‌కు క్లాసు మొత్తం నవ్వింది. ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాను, మళ్ళీ ఎవరినీ నవ్వనివ్వనని. నా క్లాసులో తెలుగు మాట వినబడితే నాకు పూనకం వచ్చేది. ఆయన పెన్సిలు చెక్కుకుంటూ కూర్చున్నారు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను, చెప్పడానికి ఇష్టం లేని సంగతి.

కమిటీ చూసే ఫైళ్ళలో ఒకటి స్లో లర్నర్ల జాబితా. చదువులో వెనకబడ్డ పిల్లల్ని పరీక్ష పెట్టి గుర్తించాలి, వాళ్ళకు విడిగా క్లాసులు చెప్పాలి, వాళ్ళ సంతకాలు తీసుకోవాలి. రాత వరకు మంచి పద్ధతే. మేం చేసేది వేరు. పరీక్షా ఉండదు, క్లాసులూ ఉండవు. కమిటీ వచ్చే ముందు జాబితా రాసి నోటీసు బోర్డుకు అంటించి, వెనకటి తేదీలు వేసి పిల్లల చేత సంతకాలు పెట్టిస్తాం. ఫలానా రోజులోపు ఇవ్వాలని ప్రిన్సిపాల్ గారు తొందర పెట్టారు. ఒక మధ్యాహ్నం అన్నం తిని వచ్చి అడ్మిషన్ ఫారాలు ముందేసుకున్నాను. మీడియం అన్న చోట తెలుగు అని ఉన్న ప్రతి పేరూ జాబితాలోకి ఎక్కించాను. అరగంట పట్టలేదు. కింద నా సంతకం, స్టాంపు.

పిల్లలంతా గొణుక్కుంటూ సంతకాలు పెట్టి పోయారు, ఒక్క అమ్మాయి తప్ప. డోర్నకల్ అవతల తండా నుంచి వచ్చిన లంబాడీ పిల్ల. హాస్టల్లో ఉండేది. నా క్లాసులో ఎప్పుడూ పక్కవాళ్ళతో గుసగుసలాడుతుందని రెండుసార్లు బయటికి పంపాను.

"నేను స్లో కాదు మేడం," అంది, పెన్ను ముట్టుకోకుండా.

"ఎవరు స్లోనో నువ్వు చెప్తవా? పెట్టు."

"పెట్టను మేడం. ఏ పరీక్షల తప్పిన చెప్పున్రి, పెడ్త."

వరండా నిండా పిల్లలున్నారు. ఈ గొంతు నాదేనా అన్నంతగా అరిచాను. "సంతకం పెట్టకుంటే ప్రాక్టికల్స్‌కు రానియ్య. ఏడాది పోతది. పో, పోయి మిర్చి ఏరుకో!"

ఆ ఆఖరి మాట ఎందుకన్నానో ఇప్పటికీ తెలియదు. వాళ్ళమ్మ మిర్చి తోటల్లో కూలి చేస్తుందని ఎక్కడో విన్నాను, నోటికొచ్చింది, అనేశాను. ఆ పిల్ల నా దిక్కు ఒక్కసారి చూసి వెళ్ళిపోయింది. మర్నాడు రాలేదు. ఆ తర్వాత కూడా రాలేదు.

రెండో మంగళవారం వచ్చింది. ప్రాక్టికల్స్ గురువారం పదింటికి, కమిటీ శుక్రవారం. ఆ రోజు క్లాసయ్యాక పెద్ద సారు కాగితం ఇవ్వలేదు, చేతిలోనే పట్టుకుని నిలబడ్డారు.

"ఒక చుక్క తక్కువున్నది బిడ్డా. పోయిన వారం గూడ లేకుండె. ఆరో లైన్ల కిటికి పక్క పిల్ల ఏది?"

"వస్తలేదు సార్."

"పేరేంది?"

"నలభై రెండు సార్."

"నేను నంబరు అడగలే."

పది కాదు, వంద లెక్కపెట్టినా నాకు ఆ పేరు తట్టేది కాదు. ల్యాబులో, హాజరులో, మార్కుల్లో నాకు ఆ పిల్ల నలభై రెండే. వరండాలో అరిచినప్పుడు కూడా "ఏయ్" అన్నాను. జాబితాలో పేరు నా చేత్తో నేనే రాశాను, అయినా గుర్తు లేదు.

ఆయన బెంచీ మీద కూర్చుని సంచీలోంచి పాత కాగితాలు తీశారు. నాకిచ్చిన వాటికి తన కోసం గీసుకున్న నకళ్ళు. ఒక్కొక్కటే పరిచారు. ప్రతి దాంట్లో ఆరో వరుస కిటికీ చుక్క నుంచి బాణాలు. మొదటి వారం నాలుగు. తర్వాత ఆరు. ఒక వారం తొమ్మిది.

"ఇవి ఏందని నువ్వు ఒక్కసారి గూడ అడగలే బిడ్డా."

"గుసగుసలు సార్. ఆ పిల్ల ఎప్పుడూ ముచ్చట్లే. రెండుసార్లు బయటకు పంపిన."

"ముచ్చట్లే. నువ్వు ఎండ్ పాయింట్ చెప్తాంటె, ఒక్క చుక్కకు రంగు మారంగనే ఆపాలె, ఇంకో చుక్క పడితే మళ్ళ మొదటికెల్లి చెయ్యాలె అని ఎనక పిల్లలకు తెలుగుల చెప్తాండె. పక్కన వేరే తండాల పిల్లలు ఇద్దరికి లంబాడీల చెప్తాండె. మా నాయిన గ్యాంగుల సగం మంది లంబాడోళ్ళే, నాకు సమజైతది. ఒక్క ముక్క తప్పు చెప్పలే." ఆయన వేలు ఆ చుక్క మీద పెట్టారు. "నీ పాఠం ముట్టింది బిడ్డా. ఈ పిల్ల చేతికెల్లి ముట్టింది. పేరు అనిత."

నా పాఠాన్ని నా వెనకాల ఇంకో రెండు భాషల్లో చెప్తున్న పిల్లను నేను స్లో లర్నర్ అని సంతకం చేసి గోడకు అంటించాను. సరిగ్గా రెండు రోజులు లేవు ప్రాక్టికల్స్‌కు.

"మీరు జర పిలిపియ్యున్రి సార్. మీ మాట ఇంటది."

"నేనెందుకు పిలుస్త? పొమ్మన్నది నువ్వు. రమ్మనాల్సింది నువ్వే." అని చేతిగడియారం చూసుకున్నారు. "నా బండి ఒంటిగంటకు. వస్తే తండా తొవ్వ చూపిస్త."

వరంగల్ స్టేషన్‌లో ఆయనతో పాటు డోర్నకల్ బండి ఎక్కాను. సర్వపిండి పెట్టారు. తినలేకపోయాను. డోర్నకల్‌లో దిగి ఆటో మాట్లాడుకుని తండా చేరేసరికి ఎండ మెల్లగా తగ్గుతోంది. ఊళ్ళో ఎవరూ లేరు, అంతా తోటల్లో ఉన్నారు. ఆయన చేను గట్టు మీద ఆగిపోయారు. "ఈడనే ఉంట, పో," అన్నారు.

ఎర్రటి మిరప సాళ్ళ మధ్య పది పన్నెండు మంది ఆడవాళ్ళు. అనిత నన్ను చూసింది, చూసి మళ్ళీ వంగింది. చేతులు ఆగలేదు. పక్కనున్నావిడ, వాళ్ళమ్మే, ఆ పిల్లను ఏదో అడిగింది లంబాడీలో. అనిత ఏదో చెప్పింది. అందరూ నా దిక్కు చూసి నవ్వారు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. ఘాటుకు కళ్ళు మండుతున్నాయి, తుమ్ములు. ఏం మాట్లాడుకుంటున్నారో, నా గురించి ఏమనుకుంటున్నారో తెలియక మొహం ఎక్కడ పెట్టుకోవాలో అర్థం కాక నిలబడ్డాను.

"అనితా," అన్నాను. ఆ పేరు నా నోట మొదటిసారి అదే. "గురువారం పదింటికి ప్రాక్టికల్. రా."

"నా పేరు ఆ కాయితం మీద ఉన్నదా మేడం ఇంకా?"

"ఉన్నది. కమిటీ వచ్చిపోంగనే తీసేస్త."

"అయితే నేను గూడ కమిటీ వచ్చిపోయినంకనే వస్త."

"అప్పటికి పరీక్ష అయిపోతది! ఏడాది పోతది పిల్లా, సమజైతాందా నీకు?"

"ఎట్ల సమజైతది మేడం? స్లో గదా నేను."

వాళ్ళమ్మ నడుం పట్టుకుని నిలబడి, ఈసారి తెలుగులో, నాకు అర్థం కావాలనే అంది. "తండాల డిగ్రీ దాక పోయిన ఆడపిల్ల ఇదొక్కతే మేడం. మీరు దాని పేరు గోడకు ఎక్కిచ్చిన్రు. మా ఊరి పోరగాళ్ళు ఫోన్ల ఫోటో తీసి పంపిన్రు. ఇప్పుడు చిన్నపిల్లలను గూడ బడికి పంపుడు దేనికంటాండ్లు." తిరిగి వచ్చి గట్టెక్కాక చెంపలు తడిగా ఉన్నాయి, మిరప ఘాటు అని చెప్పలేను.

బుధవారం పొద్దున ప్రిన్సిపాల్ గది ముందు బెల్లు కంటే ముందే నిలబడ్డాను. జాబితా తీసేయాలన్నాను. ఆయన నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశారు.

"ఎల్లుండి కమిటీ, ఇయ్యాల జాబితా తీసేస్తరా? దాని మీద మీ సంతకం ఉన్నది మేడం. తప్పని మీరంటే, తప్పు రాసినట్టు మీరే కాయితం రాసియ్యాలె. అది మీ సర్వీసు ఫైల్ల పడ్తది. ప్రమోషన్ ముందు ఉన్నది, మర్చిపోయిన్రా?"

"మర్చిపోలేదు సార్. కాయితం ఇయ్యున్రి."

రాశాను. ఏ పరీక్షా పెట్టకుండా, ఫారంలో మీడియం చూసి ఈ పేర్లు రాశానని, ఇది అబద్ధపు జాబితా అని. తెలుగులోనే రాశాను. ఆ కాలేజీలో నేను తెలుగులో రాసిన మొదటి కాగితం అదే. ప్రిన్సిపాల్ చదివి కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. "అన్ని డిపార్ట్‌మెంట్లోళ్ళు గట్లనే చేసిన్రు మేడం," అన్నారు మెల్లగా. "తెలుసు సార్," అన్నాను. ముద్ర వేయించారు.

నోటీసు బోర్డు దగ్గర ఇంకో కష్టం. మా అటెండరు మైదా పిండి ఉడికించి దట్టంగా అంటించాడు, చస్తే ఊడదు. గోళ్ళతో గీకాను, స్కేలుతో గీకాను. నీళ్ళ సీసా తెచ్చి కాగితం మీద గుమ్మరించాను. చీర కుచ్చిళ్ళు తడిసిపోయాయి. పిల్లలు చుట్టూ మూగారు. ఎవరికీ ఏమీ అర్థం కావడం లేదు, కెమిస్ట్రీ మేడంకు ఏమైందని చూస్తున్నారు. ఆరో వరుస వాళ్ళు ఇద్దరు కనబడితే, "ఫోటో తీసి అనితకు పంపున్రి," అన్నాను. "అట్లనే, తను అన్న మాట తప్పని మేడమే అన్నదని రాయున్రి."

గురువారం. బయట నుంచి వచ్చిన ఎగ్జామినర్ కుర్చీలో కూర్చున్నారు, నేను పక్కన నిలబడి పిలుస్తున్నాను. నలభై, నలభై ఒకటి అయ్యాయి. "అనిత," అన్నాను. గుమ్మంలో ఎవరూ లేరు. లోపల పది లెక్కపెట్టాను. మళ్ళీ పది. ఎగ్జామినర్ తల ఎత్తి, "ఆబ్సెంట్ వేసుకొని ముందుకు పోదాం మేడం," అన్నారు, ఎర్ర పెన్ను తీశారు.

"డోర్నకల్ బండి లేటయింది సార్. చివరి పిల్ల అయ్యేదాక ఆగున్రి."

బండి లేటయిందో లేదో నాకు తెలియదు. నోటికి వచ్చింది చెప్పాను. నలభై మూడు, నలభై నాలుగు, పిల్లలు ఒక్కొక్కరే వస్తున్నారు, బ్యూరెట్లు నింపుకుంటున్నారు. ఒక్కొక్క పేరు తగ్గుతుంటే నేను గుమ్మం దిక్కే చూస్తున్నాను. యాభై ఆరో పిల్లను పిలుస్తుండగా వరండాలో పరుగెత్తుకొస్తున్న చప్పుడైంది.

అనిత. చెమట్లు కారుతున్నాయి. నా దిక్కు చూడలేదు. కుళాయి కింద చేతులు కడుక్కుంది, మళ్ళీ కడుక్కుంది. పది రోజులు మిర్చి ఏరిన వేళ్ళు ఎర్రగా వాచి ఉన్నాయి. గాజు గొట్టం పట్టుకున్నప్పుడల్లా పెదవి కొరుక్కుంటోంది. గులాబీ రంగు తేలగానే చెయ్యి ఆగింది, ఒక్క చుక్క ఎక్కువ పడలేదు. ఎగ్జామినర్ అడిగిన వాటికి ఆగి ఆగి, కానీ అన్నింటికీ చెప్పింది. మార్కుల కాగితం మీద సంతకం పెట్టి, నన్ను దాటుకుంటూ వెళ్ళిపోయింది.

శుక్రవారం కమిటీ వచ్చింది. టీ తాగింది, మొక్కల దగ్గర ఫోటోలు దిగింది. స్లో లర్నర్ల ఫైలు తెరవనే లేదు.

ఆ తర్వాతి మంగళవారం పెద్ద సారు నా క్లాసులో కూర్చుని యాభై ఎనిమిది చుక్కలు గీశారు. "లెక్క సరిపోయింది బిడ్డా," అన్నారు, అంతే. ముట్టిందా అని ఆ రోజు అడగలేదు. ఆ సెమిస్టరు అయ్యాక ఆయన్ను మళ్ళీ పిలవలేదు. కమిటీ వచ్చిపోయింది కదా, ఇక ఎందుకు? నా ప్రమోషన్ ఏడాది ఆలస్యమైంది, దానికి నాకు బాధ లేదు. అనిత డిగ్రీ అయ్యేదాకా నాతో "ఎస్ మేడం" తప్ప ఒక్క మాట అదనంగా మాట్లాడలేదు. దానికి మాత్రం బాధ ఉంది. క్షమించమని ఒకసారి వరండాలో అడిగాను. తల ఊపి వెళ్ళిపోయింది. ఎవరి ముందు అరిచానో వాళ్ళందరి ముందూ అడగాల్సిందేమో.

ఆ వాట్సాప్ చేతులు చూసుకున్నాక నేను ఊరుకోలేక మధ్యాహ్నానికి డోర్నకల్ వెళ్ళాను. మా కాలేజీ నుంచి నేనొక్కదాన్నే. ప్రార్థన అయిపోయి సమాధుల తోటలో పెట్టె దించే ముందు పాస్టరు గారు, ఎవరన్నా రెండు మాటలు చెప్తారా అన్నారు. ఎవరూ కదల్లేదు. నేను ముందుకు వచ్చాను. ఇరవై అయిదేళ్ళ నోటి అలవాటు, క్లాసులో లాగానే గడగడా మొదలుపెట్టేశాను. పాత క్యాలెండర్ కాగితాలని, చుక్కలని, బాణాలని. నాలుగు మాటలయ్యాక తల ఎత్తి చూస్తే గోడ వెంబడి తండా నుంచి వచ్చిన ముసలమ్మలు పదిహేను మంది దాకా నిలబడి ఉన్నారు, నా దిక్కే చూస్తూ. ఏమీ అందడం లేదని వాళ్ళ ముఖాలే చెప్తున్నాయి. నాకు మాట ఆగిపోయింది.

ఆ గుంపులో నుంచి అనిత వచ్చింది. ఇప్పుడు బీఎడ్ చదువుతోందట. ఎవరూ పిలవలేదు, నన్ను అడగలేదు. వచ్చి నా పక్కన నిలబడి, నేను అప్పటిదాకా చెప్పింది వాళ్ళ మాటలో వాళ్ళకు చెప్పడం మొదలుపెట్టింది. చేతులతో చుక్కలు చూపించింది, బాణాలు చూపించింది. ఒక ముసలమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. నేను నోరు మూసుకుని ఆగాను. పది లెక్కపెట్టలేదు, ఎంతసేపైతే అంతసేపు ఆగాలని తెలుసు.

అనిత చెప్పడం పూర్తి చేసి నా దిక్కు తిరిగింది. మూడేళ్ళలో మొదటిసారి నా కళ్ళలోకి చూసింది.

"ముట్టింది మేడం," అంది. "ఇగ చెప్పున్రి."